పెళ్లికి ముందు క్లాసుకు వెళ్తే పిల్లల మీద నా మనసు మారుతుందా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. వయసు 25. కర్నూలులో ప్రైవేటు ఉద్యోగం. మా మేనత్త కొడుకుతో తాంబూలాలు మార్చుకున్నారు, మాఘమాసంలో పెళ్లి. బావ మంచివాడే. నాకే పిల్లలు వద్దనిపిస్తోంది. అక్క కాన్పప్పుడు రక్తం చాలా పోయింది, ఆ రాత్రి ఆస్పత్రిలో నేనే ఉన్నా. తర్వాత ఆమె ఉద్యోగం కూడా మానేసింది. అత్త మాత్రం 'ఏడాది తిరిగేసరికి నా ఒళ్లో మనవడుండాల' అంటోంది. అమ్మనడిగితే 'అవన్నీ పెండ్లయినాంక తెలుస్తాయిలే' అంటుంది. నా స్నేహితురాలు కేథలిక్. వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు జంటలకు క్లాసు పెడతారట. అది విన్నాక పిల్లల గురించి భయం పోయిందంటోంది. ఎవరో చెబితే మనసు మారుతుందా? మారాలా? బావకు ఇప్పుడే చెప్పాలా?

జవాబు: మీ ఉత్తరం ఇంకా పొడుగ్గా ఉంది, ఇక్కడ కుదించాం. అందులో 'పిల్లలు వద్దు' అని రాసిన ప్రతిచోటా పక్కనే అక్క ఉంది. అక్క ప్రస్తావన తీసేసి ఆ మాటను ఒంటరిగా ఒకసారి అనుకుని చూడండి. అప్పుడూ 'వద్దు' అనే వస్తే అది మీ నిర్ణయం, దాన్ని నేనే కాదు, ఏ క్లాసూ మార్చనక్కర్లేదు. మాట తడబడితే మాత్రం మీకున్నది పిల్లలు వద్దన్న కోరిక కాదు, ఆ రాత్రి తాలూకు భయం. ఈ రెంటికీ మందు వేరు.

పిల్లల్ని కనాలన్న ఉద్దేశం మూడింటి మీద నిలబడుతుందని మనస్తత్వ శాస్త్రంలో ఒక పాత సిద్ధాంతం ఉంది: నాకు ఇష్టమా, నా చుట్టూ ఉన్నవాళ్లు ఏమాశిస్తున్నారు, నా చేత అవుతుందా. పెళ్లికి ముందు చెప్పే పాఠాలు బాగా పనిచేసేది ఈ మూడోదాని మీద. కాన్పులో రక్తస్రావం ఎందుకవుతుంది, ఎలా ఆపుతారు, ఎప్పుడు కనాలో మనమే ఎలా ఎంచుకోవచ్చు అన్నవి తెలిశాక 'నా వల్ల కాదు' అన్న మాట పట్టు సడలుతుంది. మీ స్నేహితురాలికి జరిగింది బహుశా అదే. రెండోదాన్ని ఏ క్లాసూ కదిలించలేదు, ఎందుకంటే అత్తలు క్లాసుకు రారు. వాళ్లకూ ఒకటి పెడితే బాగుండును, పెట్టేదెవరు!

ఎవరు చెబుతున్నారో కూడా చూసుకోండి. ఇరాన్‌లో 1990ల నుంచి జంటలు పెళ్లికి ముందు ఇలాంటి క్లాసులో కూర్చోవాల్సిందే. మొదట్లో అక్కడ గర్భనిరోధకాల గురించి చెప్పేవారు. 1980ల మధ్యలో ఒక్కో తల్లికి సగటున ఆరుగురు దాటి ఉన్న పిల్లలు 2000 నాటికి ఇద్దరికి దగ్గరయ్యారు. ఆడపిల్లల చదువుకూ, ఊరూరా వెలిసిన ఆరోగ్య కేంద్రాలకూ అందులో పెద్ద వాటా ఉందనుకోండి. 2012 తర్వాత ప్రభుత్వానికి జనాభా చాలదనిపించింది. దాంతో పిల్లల్ని కనమని చెప్పడం మొదలైంది. మనకూ ఇది కొత్త కాదు. 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని గోడల మీద రాయించిన ఆంధ్రప్రదేశ్‌లోనే, ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో తల్లికి సగటున పిల్లలు 1.7. ఆ లెక్క సరిచేసే పూచీ మీ గర్భసంచిది కాదు. కనమనో, వద్దనో ముందే తేల్చుకున్న క్లాసుకు వెళ్లకండి. విషయం చెప్పి, నిర్ణయం మీకు వదిలే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బావకు చెప్పాలా అన్నారు. చెప్పాలి, శుభలేఖలు అచ్చుకు వెళ్లకముందే. 'నాకు పిల్లలు వద్దు' అని తీర్పులా కాకుండా, ఆ రాత్రి మీరు చూసింది చెప్పండి. తర్వాత అడగండి: రెండేళ్లు ఆగుదామంటే అత్తకు ఎవరు చెబుతారు? బిడ్డ పుడితే నా ఉద్యోగం సంగతేంటి, పగలు ఎవరు చూస్తారు? చివరికి నేను వద్దనే అంటే? మొదటిదానికి 'నేను చెబుతా' అన్న మాట రాకపోతే మిగతా జవాబులు ఎంత తియ్యగా ఉన్నా నేను నమ్మను. ఈ విషయంలో మీరిద్దరూ ఎంతకీ కలవకపోతే పెళ్లి ఆపుకోవడమే మేలు. మేనరికం కాబట్టి ఆపడం కష్టం, చుట్టరికాలు చెడతాయి. చేసుకున్నాక చెడితే ఇంకా ఎక్కువ చెడతాయి.

ఆగడానికి మీకు వయసుంది. గర్భం నిలిచే అవకాశం బాగా తగ్గేది 35 దాటాక. 'మొదట్లోనే గర్భం రాకుండా మందులు వాడితే తర్వాత కడుపు పండదు' అంటారు, అది నిజం కాదు. కండోమ్, మాత్రలు, కాపర్ టీ ఏది మానేసినా మళ్లీ గర్భం వస్తుంది. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ మానేశాక మాత్రం కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. ఇవన్నీ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

మేనరికం అన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతా. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు) లాంటి జబ్బుల జన్యువు ఒకే వంశంలో ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మోస్తుంటే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకులు పైకి ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి చూస్తే తెలియదు. తలసీమియా వాహకులైతే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షతో తెలుస్తుంది. అది మీరూ చేయించుకోండి, బావచేతా చేయించండి. వంశంలో పుట్టుకతో చెవుడు, బుద్ధిమాంద్యం, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఉంటే డాక్టరుకు దాచకండి. పనిలో పని మీ హీమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. కాన్పులో రక్తం పోతే ముందే రక్తం తక్కువున్న మనిషి తట్టుకోలేదు. అక్కకు ఎంత ఉండిందో ఆమె పాత రిపోర్టుల్లో చూడండి, మీ భయానికి జవాబు అందులోనే దొరకొచ్చు. ఎప్పుడైనా కందామనుకుంటే కనీసం నెల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి.

సెలవు పెట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి అక్క రిపోర్టులు పట్టుకుని వెళ్లండి. బావ కూడా రావాలి. అమ్మ వస్తానంటే రానివ్వండి, లోపలికి మాత్రం మీరిద్దరే వెళ్లండి.