ఎల్క్ మాంసం మోయడానికి ఏ సంచి కొనాలి: కొలరాడోలో ఉన్న మేనల్లుడికి ఉత్తరం

అబ్బీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి పొద్దుపోయాక చూశాను. ఎల్క్ అనే ఆ పెద్ద జింకను వేటాడే అనుమతి, అదే ట్యాగ్, వచ్చిందని, అక్టోబరులో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కొండెక్కుతున్నావని, మాంసం మోసే బ్యాక్‌ప్యాక్ రెండొందల డాలర్లలోపు ఏది కొనాలో చెప్పమని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం నీకు గుర్తుండదు, సగం నేనే మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మకు ఈ సంగతి నువ్వే చెప్పు. తుపాకీ అనగానే అక్క టెన్షన్ పడుతుంది. హంటర్ సేఫ్టీ కోర్సు పూర్తి చేశావని, సర్టిఫికెట్ వచ్చిందని ముందు ఆ మాట చెప్పు. మిగతాది నేను మాట్లాడతాను.

డెన్వర్‌లో ఉన్న ఇరవై రెండేళ్ళలో నేను పద్నాలుగు సీజన్లు కొండకు వెళ్ళాను. అప్పుడు వాడిన ఫ్రేమ్, అంటే సంచిని తగిలించే కడ్డీల చట్రం, ఇప్పటికీ కడప ఇంట్లో వసారాలో మేకుకు వేలాడుతోంది. అడుగున ఉన్న మడత అర మీద అరచేయంత నెత్తుటి మరక నల్లగా మిగిలిపోయింది, ఎంత కడిగినా పోలేదు. పోయిన ఫిబ్రవరిలో జమ్మలమడుగు దగ్గర చేనిలో శనగ కోత అయ్యాక అకాల వాన పడింది. రేగడి బురదలో ట్రాక్టర్ దిగనంటే దిగనంది. అప్పుడు ముప్పై కిలోల శనగ మూటలు రెండు ఆ ఫ్రేమ్‌కే కట్టి, ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు దాకా మోశాను. నాకు అరవై మూడేళ్ళు. మరుసటి రోజు నడుము పట్టలేదు. నీకు చెప్పాలనుకున్నదంతా ఇందులోనే ఉంది: నువ్వు కొనేది సంచి కాదు, దాని వెనకుండే ఫ్రేమూ నడుము పట్టీ. సంచికి ఎన్ని జేబులున్నాయి, ఏ రంగు, నీళ్ళ గొట్టం ఎక్కడ పడుతుంది, ఇవేవీ మాంసం మోసే రోజున నీకు పనికిరావు.

ముందు బరువు సంగతి చూడు. ఎదిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోలు తూగుతుంది. ఎముకలు తీసేశాక చేతికొచ్చే మాంసం సుమారు తొంభై నుంచి వంద కిలోలు. ఎముకతో ఉన్న ఒక్క వెనక తొడే పాతిక ముప్పై కిలోలు ఉంటుంది. నువ్వు డెబ్బై కిలోల మనిషివి, ఒక ట్రిప్పుకు ముప్పై దాటనీయకు. ముగ్గురున్నారు కాబట్టి మాంసం, తలకాయ, కొమ్ములు, మీ గుడారం సామాను అన్నీ కలిపి తలా రెండు ట్రిప్పులు పడతాయి. అదే ఒక్కడివే అయితే, కారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే, నాలుగుసార్లు బరువుతో, మూడుసార్లు ఖాళీగా, మొత్తం 21 కిలోమీటర్లు నడవాలి. అదీ తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో. మనం మెట్లెక్కి వెళ్ళే తిరుమల సుమారు 3,200 అడుగులు. అక్కడ దానికి మూడు రెట్ల ఎత్తున గాలి ఎంత పలచగా ఉంటుందో నీకు తెలుసు కదా. జంతువును ఎక్కడ కొట్టాలో కూడా ఈ లెక్కను బట్టే తేల్చుకో. లోయ అడుగున ఉన్నదాన్ని కొడితే ఆ వంద కిలోలనూ పైకి మోయాల్సింది నువ్వే. మోయలేని చోట తుపాకీ ఎత్తకూడదు.

నా మొదటి సీజన్లో ఈ లెక్కలేవీ వేయలేదు. ఒక పెద్ద దుకాణంలో అరవై డాలర్లకు 'హంటింగ్ ప్యాక్' అని రాసి ఉన్నది కొన్నాను. ఆకుల బొమ్మల గుడ్డ, పద్దెనిమిది జిప్పులు. లోపల ఫ్రేమ్ అన్నది లేదు, వీపు వైపు ఒక పలచటి ప్లాస్టిక్ రేకు, అంతే. ఎముకతో ఉన్న వెనక తొడను అందులో దించగానే అది అడుగుకు జారి నా పిరుదుల మీద కూర్చుంది. బరువు వెనక్కి లాగుతుంటే నేను ముందుకు వంగి నడిచాను. కిలోమీటరు నడిచేసరికి ఎడమ భుజం పట్టీ కుట్టు దగ్గర పుటపుటమని తెగింది. చీకటి పడింది, మంచు మొదలైంది. ఆ తొడను భుజాన వేసుకుని, పడుతూ లేస్తూ రాత్రి పదింటికి కారు చేరాను. మిగతా మాంసం తెచ్చుకునేసరికి మరుసటి రోజు మధ్యాహ్నం అయింది. రెండో తొడలో ఎముక పక్కన మాంసం వాసన కొట్టింది, పారేయాల్సి వచ్చింది. ఒక ప్రాణం తీసి దాని మాంసాన్ని మన చేతకానితనం వల్ల కుళ్ళబెట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధే. అక్కడి చట్టం కూడా ఊరుకోదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే జరిమానా, కొమ్ములు మాత్రం కోసుకుని కళేబరాన్ని వదిలేస్తే ఇంకా పెద్ద నేరం.

ఇప్పుడు ఫ్రేమ్ ఏం చేస్తుందో చెబుతాను. మనూర్లో ఆడవాళ్ళు బిందెను ఎక్కడ పెట్టుకుంటారు? తుంటి ఎముక మీద. భుజాన పెట్టుకుంటే పది అడుగులు వేయలేరు. నడుము పట్టీ పని అదే. భుజాల మీద పడాల్సిన బరువును తుంటికి దించుతుంది, అక్కడి నుంచి కాళ్ళు మోస్తాయి. కానీ బరువు పై నుంచి తుంటి దాకా దిగాలంటే మధ్యలో వంగని కడ్డీలు ఉండాలి. అవే ఫ్రేమ్. కడ్డీలు మెత్తగా ఉంటే బరువు కుంగి మళ్ళీ భుజాలకే వస్తుంది. కొట్లో ఫ్రేమ్ పైకొసను, కింది కొసను రెండు చేతులతో పట్టుకుని మోకాలికి ఆనించి వంచి చూడు. వంగిందంటే వదిలేయ్. నడుము పట్టీ నురగను బొటనవేలితో గట్టిగా నొక్కు. వేలికి అవతలి వైపు తగిలితే అది ముప్పై కిలోలకు చాలదు.

కొలత సంగతి అన్నిటికంటే ముఖ్యం. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పై అంచుకు సమంగా వీపు మీద గీత గీస్తే ఆ గీత దాకా కొలవాలి. నీ ఎత్తుకూ దీనికీ సంబంధం లేదు. పొడుగ్గా ఉండి వీపు పొట్టిగా ఉన్నవాళ్ళు చాలామంది. ఈ కొలతకు తగ్గట్టు సర్దుకునే ఫ్రేమ్ తీసుకో. తగిలించుకున్నాక ఫ్రేమ్ పైకొస నీ భుజాల కంటే రెండు మూడు అంగుళాలు పైన ఉండాలి. అక్కడి నుంచి భుజం పట్టీలకు ఏటవాలుగా దిగే చిన్న పట్టీలను లోడ్ లిఫ్టర్లు అంటారు. వాటిని లాగితే బరువు వెనక్కి వాలకుండా వీపుకు దగ్గరగా వస్తుంది. ఫ్రేమ్ పొట్టిదైతే ఆ పట్టీలు ఉన్నా లేనట్టే.

పరీక్షకు మీ ఇండియన్ స్టోర్ చాలు. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు మూడు తీసుకో, అంటే ఇరవై ఏడు కిలోలు. దుప్పటిలో చుట్టి ఫ్రేమ్‌కు కట్టి అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగు. ముందు నడుము పట్టీ బిగించు, తర్వాత భుజం పట్టీలు, తర్వాత లోడ్ లిఫ్టర్లు, చివర ఛాతీ పట్టీ. భుజానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరితే బరువు తుంటి మీదకు దిగినట్టే. అరగంట తర్వాత భుజాలు మండుతుంటే కొలత తప్పు, లేదా ఫ్రేమ్ తప్పు. బిల్లు పారేయకు, వెనక్కి ఇచ్చేయ్. బియ్యం ఎలాగూ తింటావు.

ఇక ధర. స్టోన్ గ్లేసియర్, కిఫారు లాంటి కంపెనీలవి మంచివే, కానీ ఐదారు వందల డాలర్ల పైమాట. ఏడాదికి ఒక్కసారి కొండెక్కేవాడికి అంత పెట్టాల్సిన పని లేదు. నీ బడ్జెట్లో బయటి ఫ్రేమ్ ఉన్నదే, అంటే చట్రం సంచి లోపల కాకుండా వెలుపల ఉండేదే, సరైనది. ఆల్ప్స్ ఔట్‌డోర్జ్ వాళ్ళ కమాండర్ చూడు. అల్యూమినియం ఫ్రేమ్, సంచి ఊడదీయవచ్చు, అడుగున మడిచే అర ఉంటుంది, వీపు కొలతకు సర్దుకోవచ్చు. సంచితో కలిపి మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. సంచి వద్దనుకుంటే ఉత్త ఫ్రేమే దొరుకుతుంది, ఇంకా చవక. నీ దగ్గర ఇప్పటికే మామూలు ట్రెక్కింగ్ బ్యాగ్ ఉంది కాబట్టి నేనైతే ఆ ఉత్త ఫ్రేమే తీసుకునేవాణ్ణి. అది కారులో ఉంచు. ఉదయం వేటకు చిన్న బ్యాగ్‌తో వెళ్ళు, జంతువు పడ్డాక ఫ్రేమ్ కోసం తిరిగి రా. బయటి ఫ్రేమ్ ఏదైనా చెట్ల మధ్య కొమ్మలకు తగులుతుంది, నడుస్తుంటే కిర్రుమంటుంది. జంతువును వెతికేటప్పుడు అది ఇబ్బందే, మోసేటప్పుడు కాదు. సైన్యం వాడి అమ్మేసిన ఆలిస్ ఫ్రేములు ఇంకా చవకగా దొరుకుతాయి, గట్టివే. కాకపోతే పొట్టిగా ఉంటాయి, వీపు పొడుగ్గా ఉన్నవాడికి నడుము పట్టీ పొట్ట మీదకు వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌కు భయపడకు, అందులోనే మంచి బేరం. మూడు చూసుకో: భుజం పట్టీలు ఫ్రేమ్‌కు కలిసే చోట కుట్టు, అతుకుల దగ్గర సన్నటి పగులు, బకిల్స్. బకిల్ విరిగితే రెండు డాలర్లతో కొత్తది వేసుకోవచ్చు. ఫ్రేమ్ పగిలితే వదులుకో.

మాంసాన్ని దేంట్లో పెడతావన్నది కూడా దీనితోనే ముడిపడింది. ఆదివారం పొద్దున మన మటన్ కొట్టు గుర్తుందా? తొడలు కొక్కేనికి గాలికి వేలాడుతుంటాయి, ఎవడూ ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టడు. అడవిలో కూడా అంతే. వేడిగా ఉన్న మాంసాన్ని చెత్త సంచిలో కడితే తొందరగా చెమర్చి చెడిపోతుంది. గాలి ఆడే నూలు సంచులు కావాలి. వాటికి డబ్బులు పెట్టకు, పాత దిండు గలీబులు చాలు. నేను పాత నేత పంచెలతో మీ అత్త చేత నాలుగు సంచులు కుట్టించుకుని ఇండియా నుంచి తీసుకెళ్ళాను, తొమ్మిది సీజన్లు వచ్చాయి. జంతువు పడగానే తోలు తీసి నీడలో కొమ్మకు వేలాడదీయ్. వెనక తొడలో తుంటి కీలు దగ్గర ఎముక దాకా కోస్తే వేడి తొందరగా పోతుంది. దూరం ఎక్కువైతే అక్కడే ఎముకలు తీసేయ్, మొత్తం మీద అర ట్రిప్పు బరువైనా తగ్గుతుంది. కానీ మగదా ఆడదా అన్న గుర్తు ఒక ముక్కకు సహజంగా అతుక్కుని ఉండాలని కొలరాడో రూలు, అది కోసేయకు. ట్యాగ్ కట్టడం మర్చిపోకు. వేలాడదీసిన మాంసానికీ గుడారానికీ దూరం ఉండాలి, ఎలుగుబంట్లు వస్తాయి.

కట్టేటప్పుడు మాంసం ఫ్రేమ్‌కే ఆనుకుని ఉండాలి. సంచి కూడా ఉంటే ఫ్రేమ్‌కూ సంచికీ మధ్య, సంచి లోపల కాదు. బరువైన ముక్క వీపుకు ఆనుకుని భుజం రెక్కల ఎత్తులో. అటూ ఇటూ కదలకుండా పట్టీలు బిగించు. కదిలే పది కిలోలు కదలని పదిహేను కిలోలంత బరువు. లేచేటప్పుడు నిలబడి ఎత్తుకోకు. కూర్చుని తగిలించుకుని, మోకాళ్ళ మీదకు తిరిగి, రెండు కర్రలు ఊతం చేసుకుని లే. ఆ కర్రలు కొండ దిగేటప్పుడు మోకాళ్ళను కాపాడతాయి. ఫ్రేమ్‌కు పెట్టే డబ్బులో ఇరవై తగ్గించైనా కర్రలు కొను. కొమ్ములు మోసేవాడు వాటికి నారింజ రంగు గుడ్డ చుట్టాలి, పొదల వెనక కదిలే కొమ్ములను చూసి ఎవడైనా పేల్చవచ్చు.

ఇంటికొచ్చాక నెత్తుటిని చన్నీళ్ళతో కడుగు. వేన్నీళ్ళు పోస్తే గడ్డకట్టి గుడ్డలో దిగిపోతుంది. నా ఫ్రేమ్ మీద మరక అలా మిగిలిందే.

ఒక మాట. అక్కడ ఎల్క్ కూర తిన్న అలవాటుతో ఇక్కడికొచ్చినప్పుడు మీ చిన్నాన్న స్నేహితులు ఎవరైనా అడవిపంది అనో దుప్పి అనో పిలిస్తే పోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ అది జైలు పని. లంకమల అడవుల్లో కలివికోడి అనే అరుదైన పక్షి ఒక్కటైనా మిగిలుందేమోనని మనుషులు ఏళ్ళ తరబడి వెతికారు. అక్కడ లెక్కలు కట్టి ట్యాగులు ఇస్తారు కాబట్టి నేను వెళ్ళాను, నిన్నూ వెళ్ళమంటున్నాను.

ఇప్పుడే టేపు తీసుకుని, మెడ ఎముక నుంచి తుంటి గీత దాకా ఎన్ని అంగుళాలుందో ఎవరి చేతనైనా కొలిపించి పంపు. అది చూశాక ఏ సైజు అన్నది చెబుతాను. అప్పటిదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మామ
కడప