లైసెన్స్ వయసు 21కి పెంచాలా? డ్రైవింగ్ స్కూలు నడిపేవాడిగా నా జవాబు

ప్రశ్న ఇది: "రోజూ పేపర్లో ఇంటర్ పిల్లల బైక్ యాక్సిడెంట్లే. లైసెన్స్ వయసు 18 నుంచి 21కి పెంచేస్తే పీడ విరగడవుతుంది కదా? మా వాడికి 17 నిండాయి, బండి కొనమని ఇంట్లో రోజూ గొడవ. ఏం చేయమంటారు?"

పెంచొద్దనే నేనంటాను. ఖమ్మం జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. గిరాకీ పోతుందని ఇలా అంటున్నానని అనుకోకండి. వయసు పెంచినా మూడేళ్లు ఆగి ఆ పిల్లలే మళ్లీ మా దగ్గరికే వస్తారు.

మీరు పేపర్లో చూస్తున్న ఇంటర్ పిల్లల్లో చాలామందికి 18 నిండి ఉండవు. అంటే ఇప్పుడున్న చట్టం ప్రకారమే వాళ్లు రోడ్డు మీద బండి ముట్టుకోకూడదు. 2024 మే నెలలో పుణెలో పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. కారు నడిపాడన్న కుర్రాడికి 17 ఏళ్లు. బెయిల్ ఇస్తూ 300 పదాల వ్యాసం రాయమన్నారని దేశమంతా మండిపడింది. చట్టంలో 18 బదులు 21 అని ఉంటే ఆ రాత్రి కారు తాళం అతని చేతికి రాకుండా ఉండేదా? ఉన్న నిబంధననే ఇంట్లో ఎవరూ లెక్క చేయనప్పుడు అంకె మార్చి లాభం లేదు. లైసెన్స్ లేకుండా తిరిగే కాలం ఇంకో మూడేళ్లు పెరుగుతుందంతే.

తల్లిదండ్రులకు ఈ చట్టం గురించి సగమే తెలుసు. "గేర్లు లేని బండి 16 ఏళ్లకే నడపొచ్చు కదా సార్" అని వారానికి ఒకరైనా అడుగుతారు. 1988 మోటారు వాహనాల చట్టంలో 16 అని ఉన్న మాట నిజమే, కానీ అది 50 సీసీ దాటని ఇంజిన్‌కి. మా కాలంలో లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు ఉన్నప్పుడు ఆ నిబంధనకు అర్థం ఉండేది. ఇప్పుడు షోరూమ్‌లో స్కూటీ అని కొనేదల్లా 50 సీసీకి చాలా పైమాటే, యాక్టివా అయితే 110. గేర్లు లేనంత మాత్రాన 16 ఏళ్ల పిల్లకో పిల్లాడికో అది చెల్లదు. ఎలక్ట్రిక్ బండ్లలోనూ 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటని వాటికే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ స్పీడ్ లాక్ తీయించారంటే మినహాయింపు కూడా దాంతోనే పోయినట్టు.

ఇక శిక్ష విషయం. 2019 సవరణలో 199ఏ అనే సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులనో బండి యజమానినో దోషిగా చూస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే సరిపోదు, ఆ సంగతి తండ్రే కోర్టులో నిరూపించుకోవాలి. హైదరాబాద్‌లో 2025 ఏప్రిల్‌లో మైనర్ డ్రైవింగ్ మీద ట్రాఫిక్ పోలీసులు స్పెషల్ డ్రైవ్ పెట్టారు. మా వైపు మాత్రం చలానా రాసి, పిల్లాడిని నాలుగు తిట్టి, తండ్రిని పిలిపించి పంపేయడమే ఎక్కువగా చూశాను.

జైలు మాట ఎలా ఉన్నా, ఇన్సూరెన్స్ దెబ్బ ఎవరూ ఊహించరు. మా టౌన్‌లోనే ఒక పదో తరగతి కుర్రాడు వాళ్ల నాన్న బండి తీసుకెళ్లి, సంతకి నడిచి వెళ్తున్న పెద్దాయన్ని గుద్దాడు. ఆయన తుంటి ఎముక విరిగింది. బండికి ఇన్సూరెన్స్ ఉంది, ఇంకేం భయం అనుకున్నారు. కేసు యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఏళ్లు నడిచింది. చివరికి పరిహారం ముందు కంపెనీ కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని తీర్పు వచ్చింది. నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే మామూలుగా జరిగేది ఇదే. ఆ తండ్రి ఆటో డ్రైవర్. తన లైసెన్స్, బ్యాడ్జి అన్నీ సక్రమంగా పెట్టుకున్న మనిషి.

అయినా పిల్లలకు బండ్లు ఎందుకిస్తున్నారంటే, ముద్దు చేసి మాత్రమే కాదు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జూనియర్ కాలేజీకి రావాలంటే పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కాలేజీ వదిలాక ఎక్స్‌ట్రా క్లాసు పెట్టారంటే సాయంత్రం బస్సు పోయినట్టే. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ అయినా, బస్సంటూ రావాలి కదా. సిటీలో ఉండి వయసు పెంచాలనేవాళ్లకి ఇది కనిపించదు. ఐటీఐ అయిపోయి 18 ఏళ్లకే పనిలో చేరేవాళ్లు, డెలివరీ చేసేవాళ్లు, పాలకేంద్రానికి క్యాన్లు వేసేవాళ్లు ఉంటారు. వాళ్లని మూడేళ్లు ఆగమంటే ఆగరు, దొంగచాటుగా నడుపుతారు. లైసెన్స్ ఉండదు కాబట్టి గుద్దితే ఆగకుండా పారిపోతారు.

అసలు గొడవంతా నేర్చుకునే దగ్గర ఉంది. నా దగ్గరికొచ్చే తండ్రుల్లో ఎక్కువమంది అనే మాట ఇది: "మావాడికి బండి ఎప్పుడో వచ్చు సార్, ఆ ఎనిమిది ఒక్కటి కొట్టించండి చాలు."

ఎనిమిది అంటే ఆర్టీవో ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి రావడం. కాస్త బ్యాలెన్స్ ఉన్న పిల్లాడికి ఒక సాయంత్రం గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేయిస్తే చాలు, వచ్చేస్తుంది. మర్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు తిప్పేసి వస్తాడు. కానీ అదే కుర్రాడిని మెయిన్ రోడ్డెక్కించి వెనక కూర్చుంటే తెలుస్తుంది వాడికేం వచ్చో. పద్నాలుగేళ్లప్పుడు బాబాయో మామయ్యో "ముందు బ్రేకు పట్టావంటే పల్టీ కొడతావ్" అని చెప్పి ఉంటాడు, అందుకని కుడిచెయ్యి బ్రేకు మీదికే పోదు. కాలి బ్రేకు ఒక్కటే తొక్కుతాడు, వెనక చక్రం జారుతుంది. అద్దాలు స్టైల్‌కి పీకేసి ఉంటాయి. పక్కదారి నుంచి ట్రాక్టర్ ముక్కు కనిపిస్తే ముందు హారన్ కొడతాడు, స్పీడ్ తగ్గించాలన్న ఆలోచన ఆ తర్వాత. ఈ అలవాట్లు నాలుగేళ్లు ముదిరి నా దగ్గరికొస్తాయి. వయసు పెంచితే ఏడేళ్లు ముదిరి వస్తాయి.

చట్టంలోనూ ఒక పెద్ద గొయ్యి ఉంది. కారుకి గానీ, 50 సీసీ దాటిన బండికి గానీ 18 నిండే దాకా ఎల్ఎల్ఆర్ (నేర్చుకోవడానికి ముందుగా ఇచ్చే లైసెన్స్) ఇవ్వరు, అంటే న్యాయంగా రోడ్డు మీద నేర్చుకునే దారే లేదు. 18 నిండాక ఎల్ఎల్ఆర్ తీసుకుని, 30 రోజులు ఆగి టెస్ట్ పాసైతే పూర్తి లైసెన్స్. ఆ రోజు రాత్రే నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని హైదరాబాద్ హైవే ఎక్కినా అడిగేవాడు లేడు. అదే లారీ నడపాలంటే 20 నిండాలి, అంతకుముందు కనీసం ఏడాది లైట్ మోటార్ (కారు లాంటి చిన్న బండ్ల) లైసెన్స్ ఉండాలి. మెట్లు మెట్లుగా ఎక్కించాలన్న ఆలోచన చట్టానికి తెలియంది కాదు, ఇంటి బండ్ల దగ్గర మాత్రం మర్చిపోయారు.

మా అన్నయ్య వాళ్లుండే న్యూజెర్సీలో పద్ధతి చూసి నాకు అసూయ కలిగింది. అక్కడ 16 ఏళ్లకే, డ్రైవింగ్ స్కూల్‌లో చేరి పర్మిట్ తీసుకోవచ్చు. మొదటి ఆరు నెలలు పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. 17కి ఒంటరిగా నడపొచ్చు గానీ రాత్రి 11 దాటితే తెల్లవారి 5 దాకా బండి తీయకూడదు, తల్లో తండ్రో పక్కన లేకపోతే బయటివాళ్లలో ఒక్కరినే ఎక్కించుకోవాలి, ఫోన్ అసలు ముట్టుకోకూడదు. 21 లోపు ఇలా నడిపేవాళ్లు నంబర్ ప్లేట్ల మీద చిన్న ఎర్ర స్టిక్కర్ పెట్టుకోవాలి. మా అన్నయ్య కూతురికి ఆ స్టిక్కర్ అంటే మహా నామోషీ. అయినా పెట్టుకునే తిరిగింది. మనకంటే చిన్న వయసులోనే మొదలుపెడుతున్నారు, కానీ ఒకేసారి అన్నీ చేతికివ్వట్లేదు.

నన్నడిగితే ఇక్కడా వయసు 18 దగ్గరే ఉంచి, మొదటి ఏడాది రాత్రి పది తర్వాత బండి తీయొద్దనాలి, వెనక ఫ్రెండ్‌ని ఎక్కించుకోవద్దనాలి. టెస్ట్ ట్రాక్ మీద కాకుండా రోడ్డు మీద పెట్టాలి. కారు నేర్పే స్కూళ్లకు 21 రోజులు, కనీసం పది గంటల డ్రైవింగ్ అని రూల్ ఉంది. ఎన్ని చోట్ల నిజంగా పది గంటలు స్టీరింగ్ పిల్లల చేతికి ఇస్తున్నారో తనిఖీ చేయాలి. నా తోటి స్కూళ్లవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

మీ వాడి సంగతికొస్తే, 18 నిండే దాకా ఇంట్లో బండి తాళం మీ దగ్గరే పెట్టుకోండి. మీకు కంచె ఉన్న సొంత చేను ఉంటే అక్కడ నేర్పండి. చట్టం మాట్లాడేది పబ్లిక్ తిరిగే చోటు గురించే. ఆగడం, ముఖ్యంగా రెండు బ్రేకులూ కలిపి పట్టి ఆగడం, వాడికి ముందు అదే రావాలి. 18 నిండగానే ఎల్ఎల్ఆర్ తీయించండి, కానీ ముప్పై రోజులు కాగానే టెస్ట్‌కి పరిగెత్తొద్దు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ ఆరు నెలల్లో వానలో ఒకసారి, చీకట్లో ఎదురు లైట్లు కళ్లల్లో కొడుతుండగా ఒకసారి, సంతరోజు ఒకసారి మీరు వెనక కూర్చుని నడిపించండి. మీకు ఓపిక లేకపోతే నేర్పడం వచ్చినవాడిని పెట్టండి. ఎల్ఎల్ఆర్ మీద ఫ్రెండ్‌ని ఎక్కించుకుని తిరగడం మాత్రం కుదరదు, నేర్పేవాడు తప్ప వెనక ఎవరూ ఉండకూడదు.

బండి కొనేటప్పుడు రంగు వాణ్ణి ఎంచుకోనివ్వండి, బ్రేకు మీరు ఎంచుకోండి. 125 సీసీ దాటిన వాటికి 2019 నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూసేది) తప్పనిసరి. అంతకంటే చిన్నదైతే ముందు డిస్క్ ఉన్నది చూడండి.

ఈలోగా గొడవ చేస్తే 199ఏలో ఇంకో మాట ఉంది, అది వాడికి చదివి వినిపించండి. మైనర్‌గా ఉండగా ఈ కేసులో ఇరుక్కుంటే 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ కూడా ఇవ్వరు. ఇప్పుడు ఆగితే ఏడాది లోపే. ఇరుక్కుంటే ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగంలో చేరాక కూడా బస్సే. మీసాలు తిప్పి వాదించే పిల్లలు కూడా ఈ లెక్క చెప్పగానే చల్లబడటం మా ఆఫీసులో చూస్తుంటాను.