డాక్టర్ సలహా: కుక్కలుంటే ఇంటికి పాములు రావా?

ప్రశ్న: మాది దివిసీమలో ఒక పల్లె. ఊరికి కాస్త దూరంగా, వరి చేలను ఆనుకుని ఇల్లు. రెండు నాటుకుక్కలు ఉండేవి. వాటి ధైర్యంతోనే రాత్రిళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లం. పోయిన నెల పెద్దది వాకిట్లో పాముతో కలబడింది. మూతి బాగా వాచి, తెల్లారేసరికి చనిపోయింది. చూసినవాళ్లు రక్తపింజర అన్నారు. ఇంట్లో నాలుగేళ్లు, ఎనిమిదేళ్ల పిల్లలున్నారు. మా మామయ్యగారు వరండాలో చాప మీదే పడుకుంటారు, చెప్పినా వినరు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కుక్కలుంటే పాములు రావంటారు, నిజమేనా? పాము కాటు ఇంజక్షన్ ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? ఉన్న ఒక్క కుక్కకూ ఏమైనా అయితే ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మామయ్యగారి చాప సంగతి మాట్లాడుకుందాం, కుక్కల సంగతి ఆ తర్వాత. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ భయం వేసింది రక్తపింజర గురించి కాదు, ఆ చాప గురించి.

రక్తపింజర చప్పుడు చేసే పాము. ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది. కుక్క పసిగడుతుంది. నాగుపాము కూడా చాలాసార్లు పడగ విప్పి బెదిరించి చూస్తుంది. కట్లపాము అలా కాదు. పగలంతా ఏ కలుగులోనో, ఇటుకల సందులోనో ముడుచుకుని ఉండి రాత్రి వేటకు బయల్దేరుతుంది. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు ఉంటాయి. తల వైపు అవి సరిగా కనిపించవు. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో దొర్లి దాని మీద చెయ్యో కాలో వేస్తే కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. చీమ కుట్టిందేమో అనుకుని అటు తిరిగి పడుకుంటారు. గుమ్మంలో ఉన్న కుక్కకు కూడా తెలియదు.

నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. తొమ్మిదేళ్లుంటాయి. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడు. వాళ్లమ్మ వాము నీళ్లు పట్టింది, వాంతి చేసుకున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజక్షన్ చేశాడు. ఏడు గంటలకు 'అమ్మా, నిద్రొస్తోంది' అన్నాడట. అది నిద్ర కాదు, రెప్పలు ఎత్తలేకపోతున్నాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. ఒళ్లంతా వెతికినా గాటు కనిపించలేదు. ఇంటికి ఫోన్ చేయించి పక్క దులిపి చూడమంటే, బొంత మడతలో ఉంది పాము. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. కన్ను తెరవలేడు, వేలు కదపలేడు. చుట్టాలు ఆశ వదిలేసుకున్నారు. కోలుకున్నాక, మంచం పక్కన నిలబడి వాళ్ల నాయనమ్మ ఏ దేవుడికి ఏం మొక్కుకుందో వరసగా చెప్పాడు. అన్నీ వినపడుతూనే ఉన్నాయట.

అందుకని, నేల మీద పడుకున్నవాళ్లు కడుపునొప్పితో, వాంతులతో లేచినా, రెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా గాటు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. కట్లపామే అనుకుని బయల్దేరండి.

మామయ్యగారికి మంచం వేసి, దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపండి. మంచం ససేమిరా అంటే చాప మీదే తెర కట్టి, అంచులు చాప కిందికి గట్టిగా దోపండి. అది కూడా చాలావరకు కాపాడుతుంది. దోమల కోసమని చెప్పండి. పాముల కోసమంటే 'నా వయసులో ఎన్ని పాముల్ని చూశాను' అని మొదలుపెడతారు. పిల్లలకూ అంతే, దుప్పటి మంచం మీంచి నేలకు వేలాడకుండా చూడండి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలను లెక్కగట్టిన అధ్యయనం ప్రకారం ఏటా సగటున 58,000 మంది పోయారు. ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్ల దగ్గర పోయినవాళ్లే. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య వానాకాలంలోనివి.

ఇక కుక్కలు. అవి ఉంటే పాములు రావన్నది నిజం కాదు. వచ్చాక మనకు చెబుతాయి, అదీ అన్నిసార్లూ కాదు. మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. పాము మీ వాకిట్లోకి రావడానికి కుక్క గిన్నె కూడా కారణం కావచ్చు. రాత్రి పెట్టిన పెరుగన్నం సగం మిగిలిపోతుంది. దానికి ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. వాటి వెనకే పాము వస్తుంది. నీళ్ల తొట్టి దగ్గర కప్పలు చేరినా అంతే. వెలుతురుండగానే అన్నం పెట్టి, తిన్నాక గిన్నె కడిగి బోర్లించండి. కోళ్ల గూడు కింద రాలిన నూకలు సాయంత్రమే ఊడ్చేయండి. కొబ్బరి మట్టలు, పిడకలు, ఇటుకల దొంతర గోడకు ఆనించి ఉంటే దూరంగా మార్చండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, నీళ్లు పోయే తూముకు జాలీ వేయించండి. ఫినాయిల్, వెల్లుల్లి, కలరా ఉండల మీద డబ్బు పెట్టకండి. వాటితో పాములు ఆగుతాయన్న నమ్మకం నాకు లేదు. పైగా కలరా ఉండలను కుక్క మింగితే దానికే ప్రమాదం. ఈశ్వరి మొక్క పెంచుకుంటే పెంచుకోండి, దాన్ని నమ్ముకుని గడ్డి పెరగనివ్వకండి.

కుక్క మొరిగినప్పుడు మీ ఇంట్లో ఏం చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. నిద్రమత్తులో, చెప్పులు లేకుండా, 'ఏంట్రా' అంటూ చీకట్లోకి వస్తాం కదా. కుక్క రెచ్చగొట్టిన పాము సరిగ్గా అప్పుడే కాళ్ల కిందికి వస్తుంది. ముందు లైటు వేయాలి. టార్చితో నేల చూశాకే అడుగు పెట్టాలి. కుక్కను గుమ్మం నుంచే వెనక్కి పిలవండి, మధ్యలోకి వెళ్లకండి. కర్ర పట్టుకుని కొట్టబోయి కాటు తిన్నవాళ్లను చాలామందిని చూశాను. పామును చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పాములు పట్టేవాళ్లకో, అటవీశాఖకో ఫోన్ చేయండి. అది జెర్రిపోతు అయితే పోనివ్వండి, దానికి విషం లేదు, మీ ఎలుకలను అదే తింటుంది.

మనిషిని కరిస్తే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. కరిచిన చెయ్యో కాలో ఎముక విరిగినట్టే భావించి, బద్ద పెట్టి కదలకుండా ఉంచండి. నడిపించకండి. 108 ఆలస్యమయ్యేలా ఉంటే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పాము కోసం వెతకొద్దు, వీలైతే దూరం నుంచి ఫోన్‌లో ఒక ఫొటో చాలు. మంత్రంతో తగ్గిందని మీ ఊళ్లో ఎవరైనా చెప్పారంటే, కరిచింది విషం లేని పాము అయి ఉంటుంది, లేదా విషం ఎక్కించకుండా కరిచి ఉంటుంది.

ఇంజక్షన్ ఇంట్లో పెట్టుకోవాలన్న మీ ఆలోచన నాకు అర్థమైంది. వద్దు. అది సూదితో పొడిచేసే మందు కాదు, సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించాలి. మొదటి విడతే దాదాపు పది సీసాలు పడుతుంది. పిల్లలకూ అంతే మోతాదు, ఎందుకంటే కరిచేటప్పుడు పాము మనిషి వయసు చూసి విషం తక్కువ ఎక్కించదు. కొందరికి ఆ మందే పడక ఊపిరి ఆడదు, బీపీ పడిపోతుంది. అప్పుడు ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజక్షన్, ఆక్సిజన్ పక్కనే ఉండాలి. అసలు మందు అవసరమా కాదా అన్నదీ చూడాలి. పింజర అని అనుమానం ఉంటే గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒరగదీసి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే మందు మొదలుపెడతాం. ఏమీ లేనట్టున్నా 24 గంటలు ఆస్పత్రిలో ఉండమంటాం, విసుక్కోకండి. మందు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి బదులు చేయగలిగిన మంచి పని ఒకటుంది. ఈ వారంలోనే దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: రాత్రి పూట పాము కాటు మందు ఉంటుందా, వెంటిలేటర్ ఎక్కడుంది?

మీ చిన్న కుక్క గురించి. నేను పశువైద్యుణ్ణి కాను, కానీ ఇది మాత్రం చెప్పగలను. కుక్కలను పాము ఎక్కువగా మూతి మీద, ముందుకాళ్ల మీద కరుస్తుంది. రక్తపింజర అయితే వాపు, ఆగని రక్తం, ఎర్రటి మూత్రం. నాగుపాము, కట్లపాము అయితే వెనక కాళ్లు తడబడతాయి, చొంగ కారుతుంది, ఊపిరి కష్టమవుతుంది. ముందు మెడపట్టీ తీసేయండి. నడిపించకుండా గోనెసంచిలోనో దుప్పట్లోనో ఎత్తుకెళ్లండి. మనకు వాడే మందే పశువైద్యులు కుక్కలకూ వాడతారు, గంటలు గడిచేకొద్దీ దాని పని తగ్గిపోతుంది. పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి ఇవ్వకండి, కుక్కకు అవి విషమే. నొప్పితో అది మిమ్మల్ని కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి రేబిస్ టీకా వేయించుకోండి. అది నాకిందని పిల్లలకు పాము విషం ఎక్కదు, ఆ భయం వద్దు.

పశువైద్యశాఖ సంచార వాహనాల నంబరు 1962. కానీ మీ పెద్ద కుక్కను పాము కరిచింది రాత్రి పూట. రాత్రి పది దాటాక తలుపు తీసే పశువైద్యుడు మీ చుట్టుపక్కల ఎవరున్నారో రేపే కనుక్కుని, ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.