పాలు పెరగాలంటే ఏం తినాలి? తిండి కంటే ముందు చూసుకోవాల్సినవి

సిజేరియన్ అయి పది రోజులైంది, పాలు చాలట్లేదు, అత్తగారు డబ్బా పాలు పట్టమంటున్నారు, ఏం తింటే పాలు పడతాయి అని అడిగారు. అసలు నిజంగా చాలట్లేదా అన్నది ముందు చూసుకోండి.

బిడ్డ ఏడుస్తోందనో, రొమ్ములు మెత్తబడ్డాయనో తేల్చేయకండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, దొడ్డి పసుపు రంగులో వస్తుంటే పాలు అందుతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆశా వర్కర్ ఇంటికి వస్తే తూకం వేయించండి. ఉచ్చ తగ్గినా, బిడ్డ పాలకు కూడా లేవకుండా మత్తుగా పడుకున్నా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయన పోతపాలు పట్టమంటే పట్టండి, అందులో తప్పేం లేదు.

నాకూ ఆపరేషనే, పాలు పడటం ఆలస్యమైంది. మా అమ్మ వెల్లుల్లి కారం, తెలగపిండి కూర, సొరపిట్టు వరసపెట్టి చేసింది. ఇష్టంగానే తిన్నాను, ఒంటికీ మంచిదే. తేడా తెలిసింది మాత్రం నర్సు పక్కన కూర్చుని బిడ్డకు పట్టించే పద్ధతి సరిచేశాక. మావాడు చనుమొన కొస ఒక్కటే పట్టుకునేవాడు. నాకు మంట, వాడికి ఆకలి. నోరు బాగా తెరిచాక మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. కుట్లు నొప్పెడితే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి.

రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి. రాత్రింబవళ్లు కలిపి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వాలి. పాలు తయారుచేసే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. "రాత్రికి ఒక్క డబ్బా పట్టేసి నువ్వు పడుకో" అని ప్రేమగానే అంటారు, ఆ ఒక్కటీ రోజూ అలవాటైతే పాలు తగ్గుతాయి. తప్పనిసరై డబ్బా పట్టినా, ఆ వేళకు మీ పాలు కూడా పిండి తీసి, వాటిని ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డ బట్టలు మార్చడం, నిద్రపుచ్చడం మీ ఆయనకు అప్పగించి పగలు కాసేపు పడుకోండి.

బాలింత నీళ్లు తక్కువ తాగాలని మా ఇంట్లోనూ అన్నారు. దాహమైనన్ని తాగండి. బిడ్డకు మాత్రం ఆరు నెలలదాకా నీళ్లు వద్దు, తేనె ఏడాదిదాకా నాకించొద్దు. పాలు పెంచుతామనే పొడులు డాక్టరును అడక్కుండా కొనకండి.