ఎస్‌ఓఎస్ అని రాసి ఉంటే

చెల్లీ,

బాలింతల వార్డులో నర్సుగా పడ్డావు కదా, ఇక కేస్ షీటులో ఎస్‌ఓఎస్ కనబడని పేజీ ఉండదు. రేపు గల్ఫుకో బ్రిటన్‌కో వెళ్తే పీఆర్‌ఎన్ అంటారు. రెండూ ఒకటే: అవసరమైతేనే.

దేనికి అవసరమైతే? అది రాసి ఉండాలి. ఉత్త "పారాసిటమాల్ ఎస్‌ఓఎస్" అంటే సగం ఆర్డరే. డోసు, నోటికా ఐవీనా (నరంలోకా), నొప్పికా జ్వరానికా, రెండు డోసుల మధ్య కనీసం ఎన్ని గంటలు, 24 గంటల్లో ఎంత మించకూడదు అన్నవీ కావాలి. లేనిది నువ్వు ఊహించుకోవద్దు, డ్యూటీ డాక్టరు చేత రాయించుకో.

"650 మి.గ్రా., ఆరు గంటలకోసారి, నొప్పికి, ఎస్‌ఓఎస్" అంటే గడియారం చూసి ఇచ్చే మందు కాదు. ఆమె నొప్పి అనాలి, కిందటి డోసు పడి ఆరు గంటలు నిండాలి. మందు 2:40కి ఇచ్చి షీటులో 2:00 అని వేశావనుకో, తర్వాతి షిఫ్టు అమ్మాయి 8:00కే మళ్లీ ఇచ్చేస్తుంది.

సిజేరియన్ కేసుల్లో ఎక్కువగా బోల్తా పడేది పారాసిటమాల్ దగ్గరే. రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఐవీ 1 గ్రాము మూడుసార్లు ఎక్కింది, 325 మి.గ్రా. పారాసిటమాల్ కలిసిన ఎసిక్లోఫెనాక్ నొప్పి మాత్ర రెండు పూటలా పడింది. అప్పటికే 3,650 మి.గ్రా. జ్వరమని ఇంకో 650 వేస్తే 4,300. మాత్రల పేర్లు వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అందుకే అట్ట వెనక ఏమేం కలిసాయో చదువు. తల్లి 50 కిలోల లోపు ఉంటే హద్దు ఇంకా తక్కువ, ముందే డాక్టర్ని అడుగు. అలాగే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మీద ఎసిక్లోఫెనాక్ మాత్ర వేయకు, రెండూ ఒకే జాతి.

తలనొప్పి అంటే ముందు బీపీ చూడు, మాత్ర తర్వాత. 140/90 ఉంటే డాక్టరుకు చెప్పు. 160/110 అయితే పరుగే. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి స్పైనల్ మత్తుది (వెన్నులో ఇచ్చినది) కావచ్చు. జ్వరం 100.4 తగిలితే మాత్ర ఇచ్చి ఊరుకోక కుట్లు, రొమ్ములు, మైల (కాన్పు తర్వాతి స్రావం) వాసన చూసి కబురు పెట్టు. కింది కుట్ల దగ్గర మందుకు లొంగని నొప్పి, ఒక పక్క వాపు ఉంటే లోపల రక్తం గడ్డకడుతుందేమో. రక్తస్రావానికి మెథర్జిన్ ఎస్‌ఓఎస్ రాసినా, బీపీ ఉన్నవాళ్లకు అది ఇవ్వకూడదు.

ఐవీ ఇస్తే అరగంటకు, మాత్రయితే గంటకు మళ్లీ మంచం దగ్గరికి వెళ్లి, నొప్పి పదికి ఎంత ఉండేది, ఎంతకు దిగింది, రెండూ రాయి. దిగకపోతే ఇంకో మాత్ర కాదు, డాక్టరుకు ఫోను.

మీ అక్క