పురుగులు, పూల క్లోజప్ ఫొటోలకు గట్టి ట్రైపాడ్ కావాలి. 15 వేల లోపు ఏది కొనాలి?

మీ దగ్గర డీఎస్ఎల్ఆర్, 100 ఎంఎం మాక్రో లెన్సు ఉన్నాయన్నారు. ఆన్‌లైన్‌లో ఓ సన్నటి కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ నచ్చింది, మడిస్తే బ్యాగులో పట్టేస్తుంది, 20 కిలోలు మోస్తుందని రాశారు, కొనొచ్చా అని అడిగారు. కొనకండి. అదే డబ్బుతో ఎవరో వాడి అమ్మేస్తున్న బరువైన అల్యూమినియం ట్రైపాడ్ చూసుకోండి. కాళ్లు మూడు సెక్షన్లవి (ఒకదాంట్లో ఒకటి దూరే మూడు గొట్టాలవి) ఉండాలి, దాదాపు నేలకు ఆనేంతగా విచ్చుకోవాలి. మిగిలిన డబ్బంతా హెడ్ (కాళ్ల పైన కెమెరాను బిగించి తిప్పే భాగం) మీద పెట్టండి. ఏళ్ల తరబడి తూనీగల్ని, గొల్లభామల్ని, సాలీళ్లను తీస్తున్నాను, ఈ విషయంలో నాకు రవ్వంత సందేహం కూడా లేదు.

ముందు ఆ 20 కిలోల సంగతి తేల్చుకుందాం. ట్రైపాడ్ ఎంత బరువు మోస్తుందో కొలవడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు. ఎవరికి తోచిన లెక్క వాళ్లు వేసుకుని పెట్టె మీద అచ్చు వేస్తారు. పోనీ ఆ లెక్క నిజమే అనుకున్నా, విరక్కుండా, జారకుండా ఎంత మోస్తుందన్నది మాత్రమే అది చెబుతుంది. మీ కెమెరా, లెన్సు కలిపినా రెండు కిలోలు దాటడం కష్టం. మనకు తెలియాల్సింది, చెయ్యి తగిలాక ఎంతసేపు వణుకుతుందన్నది. అది ఏ పెట్టె మీదా రాయరు. నేను వాడే మాన్‌ఫ్రొట్టో 410 గేర్ హెడ్‌కి (మరలు తిప్పితే కొద్దికొద్దిగా కదిలే రకం) కంపెనీ చెప్పే బరువు 5 కిలోలే. ఆ హెడ్డే కిలో పైన ఉంటుంది. 20, 25 కిలోలు అని గొప్పగా రాసుకున్న బాల్ హెడ్లను (బంతి మీద ఎటైనా తిరిగి, మరతో బిగిసే రకం) దాని పక్కన పెట్టి చూశాను. మాక్రో పనికి ఒక్కటి కూడా దాని ముందు నిలవలేదు.

అంత గట్టిదనం ఎందుకంటే, 1:1 దగ్గర (పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద అంతే పడేంత దగ్గర) ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) పెడితే షార్ప్‌గా వచ్చే మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్/16కి వెళ్లినా రెండే. పైగా అంత దగ్గరికి వెళ్లినప్పుడు లెన్సు రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది. తెల్లవారుజామున తీసేవాళ్లకి షట్టర్ సగం సెకను, ఒక్కోసారి సెకను దాకా పోతుంది. పెళ్లి ఫొటోల్లో, కొండల ఫొటోల్లో కనబడని వణుకంతా ఇక్కడ బయటపడుతుంది.

తెనాలి వైపు మా పిన్ని వాళ్ల ఊళ్లో నేను, నా స్నేహితుడొకడు ధనుర్మాసంలో తీసిన ఫొటోల గురించి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఆ రోజుల్లో అక్కడ వరి కోతలైపోయి, మాగాణిలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. మంచు ఎంత దట్టంగా పడుతుందంటే గట్టు మీద నాలుగడుగులు వేస్తే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోతుంది. కాలవ ఒడ్డున గడ్డిపోచకు వేలాడుతూ ఓ నారింజ రంగు తూనీగ దొరికింది. ఇంగ్లీషులో డిచ్ జ్యూయల్ అంటారు, మన కాలవల దగ్గర, మురుగు గుంటల దగ్గర బాగా కనిపించేదే. ఒళ్లంతా మంచు బిందువులు. చలికి ఒళ్లు చల్లబడితే తూనీగ ఎగరలేదు. ఎండ తగిలి, రెక్కలు వణికించుకుని వేడెక్కితే గానీ కదలదు. అంటే వెలుతురు వచ్చిన దగ్గర్నుంచి పొద్దెక్కేదాకా మనదే. అది మనకోసం అలాగే కూర్చుంటుంది.

నేలకు జానెడు ఎత్తులో ఉంది అది. నా ట్రైపాడ్ పాత మాన్‌ఫ్రొట్టో 055, మూడు సెక్షన్ల అల్యూమినియంది, ఒక్క కాళ్లే దాదాపు రెండున్నర కిలోలు. కాళ్లు మూడూ పూర్తిగా విప్పేసి, సెంటర్ కాలమ్ (మధ్యలో ఉండే నిలువు గొట్టం) అడ్డంగా తిప్పి పెట్టాను. మావాడిది ప్రయాణాలకు అమ్మే సన్న రకం, అయిదు సెక్షన్లు. దాని కాళ్లు అంత కిందకి విచ్చుకోవు. అందుకని కాలమ్ తలకిందులు చేసి, కెమెరాను కాళ్ల మధ్య తలకిందులుగా వేలాడదీశాడు. బటన్లు అటుది ఇటు, ఇటుది అటు. స్క్రీన్ చూడాలంటే బురదలో పడుకుని మెడ తిప్పాలి. ఫోకస్ రింగు ముట్టుకుంటే చాలు, లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) తూనీగ అటూ ఇటూ ఊగిపోతోంది. అది ఆగేసరికి ఎంతసేపో. బాల్ హెడ్ బిగించి చెయ్యి తీయగానే ఫ్రేము కాస్త కిందకి జారేది. మామూలు ఫొటోలో ఆ జారుడు ఎవరి కంటికీ ఆనదు. 1:1లో అదే జారుడుకి కన్ను ఫోకస్‌లోంచి పోతుంది, దవడ ఫోకస్‌లోకి వస్తుంది. పాపం, కన్నును దృష్టిలో పెట్టుకుని కాస్త పైకి బిగించి, అది జారి సరైన చోటికి వస్తుందేమోనని చూసేవాడు. గేర్ హెడ్‌లో ఆ బాధ లేదు. మర తిప్పితే వెంట్రుక వాసి కదులుతుంది, వదిలేస్తే వదిలిన చోటే ఉంటుంది.

ఇంతలో మా బాబాయి గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. ఆయన ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే నా స్క్రీన్ మీద తూనీగ ఒక్కో అడుగుకీ అదురుతోంది. పది రెట్లు పెద్దది చేసి చూస్తున్నాను మరి. “బాబాయ్, అక్కడే ఆగు” అన్నాను.

“ఏందిరా, తూనీగకి ఇంత సరంజామానా?” అని అక్కడే గొంతుకూర్చున్నాడు.

ఆయన ఆగాక కూడా ఫ్రేము మెల్లగా ఓ పక్కకు వాలుతూనే ఉంది. తడిసిన నల్లమట్టిలో ఓ కాలు దిగిపోతోంది. బాబాయి చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్లి, కొట్టం పక్కన పడి ఉన్న బంగాళా పెంకు ముక్కలు మూడు తెచ్చి, “వీటి మీద పెట్టరా” అన్నాడు. పెట్టాను. నిలబడింది. ఇప్పటికీ బురద నేలకి వెళ్తే సంచిలో మూడు చెక్క ముక్కలు వేసుకుని వెళ్తాను. తర్వాత ఆయన్ని పిలిచి స్క్రీన్ చూపించాను. తూనీగ కంటి మీద ఒక్కో మంచుబొట్టులో ఎదురుగా ఉన్న గడ్డి, ఆకాశం కనిపిస్తున్నాయి. ఆ బొట్ల సందుల్లోంచి కంటి లోపలి చిన్న చిన్న గళ్లు, తేనెపట్టు గదుల్లా. కొన్ని జాతుల తూనీగలకు ఒక్కో కంట్లో అలాంటివి దాదాపు 30 వేలు ఉంటాయని చెబితే బాబాయి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అరవై ఏళ్లుగా అదే పొలంలో తిరుగుతున్న మనిషి.

మావాడు ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే పనికొచ్చేవి దాదాపు ఏమీ మిగల్లేదు. మనిషికి ఓపిక ఉంది, నేర్పు ఉంది, పొద్దున్నే లేచాడు. సామాను చెడగొట్టింది. ఇలాంటివి చూస్తేనే నాకు కడుపు మండుతుంది. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు ట్రైపాడ్ పట్టుకుని వేలాడి “చూశారా, ఎంత స్ట్రాంగో” అంటారు. అలా వేలాడితే ఫొటో ఎలా వస్తుందో ఎవరికి తెలుస్తుంది? ఒక్కడన్నా మాక్రో లెన్సు బిగించి, లైవ్ వ్యూ పది రెట్లు పెట్టి, కాలి మీద వేలితో తట్టి చూపించాడా?

ఆ పరీక్ష మీరు షాపులో చెయ్యండి. మీ కెమెరా, మీ లెన్సు తీసుకెళ్లండి. బల్ల మీద ఓ పది రూపాయల నాణెం పెట్టి, వీలైనంత దగ్గరికి వెళ్లి, లైవ్ వ్యూ పూర్తిగా జూమ్ చేసి, కాలిని వేలితో మెల్లగా తట్టండి. నాణెం మీది అంకె ఎంతసేపు వణుకుతుందో చూడండి. ఒక్కసారి అదిరి ఆగిపోతే మంచిది. ఊగుతూ ఊగుతూ ఆగితే వద్దు. తర్వాత హెడ్ బిగించి చెయ్యి వదిలి, అంకె ఎటైనా జారిందేమో చూడండి. రెండు నిమిషాల పని. షాపువాడు విసుక్కుంటే ఇంకో షాపుకి వెళ్లండి. హైదరాబాద్ కోఠిలో కెమెరా షాపులు వరసగా ఉంటాయి, తిరగడానికి ఓపిక ఉండాలి అంతే. ఇలా చూసుకోకుండా ఆన్‌లైన్‌లో ట్రైపాడ్ కొనడం నాకు అస్సలు నచ్చదు.

వాడిన సరుకు కొనేటప్పుడు కాళ్ల లాకులు అన్నీ వేసి, పై నుంచి గట్టిగా నొక్కి చూడండి, ఏదైనా లోపలికి జారితే బేరం ఆపేయండి. లివర్ లాకులు వదులైతే చాలావాటిని చిన్న పానాతో బిగించుకోవచ్చు, తిప్పే లాకుల్లోకి మట్టి పోతే విప్పి కడగాలి. రెండిట్లో ఏది మంచిదని జనం కొట్టుకుంటారు గానీ నా దృష్టిలో అది పెద్ద విషయం కాదు. సెక్షన్లే ముఖ్యం. నాలుగు, అయిదు సెక్షన్లున్న సన్న కాళ్లకి చివరి గొట్టం ఒక్కోసారి చూపుడు వేలంత కూడా ఉండదు. పొడి నేల మీద ఎప్పుడూ పైన ఉన్న లావు సెక్షనే ముందు లాగాలి. బురదలో, నీళ్లలో మాత్రం అడుగు సెక్షన్ కొంచెం లాగి పెట్టుకోండి, లాకులోకి బురద పోకుండా ఉంటుంది.

సెంటర్ కాలమ్ పైకి ఎత్తకండి. ఎత్తారంటే మూడు కాళ్ల మీద ఒక కర్ర నిలబెట్టినట్టే, వణుకంతా ఆ కర్రదే. మాక్రోకి ఎత్తు అక్కర్లేదు కూడా. పురుగులు పడుకునేది మోకాలి కింద. ఆరడుగుల ట్రైపాడ్ అని గొప్పగా చెబితే, అరడుగు దాకా దిగుతుందా అని అడగండి. కాలమ్ అడ్డంగా తిరిగేది అయితే మంచిదే, అది కూడా పొడవుగా బయటికి లాగకుండా కురచగా వాడాలి.

కాలమ్ కొక్కేనికి బ్యాగు తగిలిస్తే గట్టిగా నిలబడుతుందని చాలామంది చెబుతారు. గాలికి ఆ బ్యాగే ఊగి ట్రైపాడ్‌ని ఊపుతుంది. తగిలిస్తే బ్యాగు అడుగు నేలకు తగిలేలా పెట్టండి. ఇక గాలికి పువ్వే ఊగుతుంటే ఏ ట్రైపాడూ ఏమీ చెయ్యలేదు. ఓ సన్న వెదురు పుల్ల నేలలో గుచ్చి, బట్టలకు పెట్టే క్లిప్పుతో కాడను మెల్లగా ఆనించి పట్టించండి. విదేశాల్లో దీనికోసం ప్లాంప్ అని ప్రత్యేకంగా అమ్ముతారు. మనకి క్లిప్పు, పుల్ల చాలు. లెన్సులో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపెయ్యండి, మిర్రర్ లాకప్ (కెమెరా లోపలి అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచడం) పెట్టండి, రిమోట్ గానీ రెండు సెకన్ల టైమర్ గానీ వాడండి. మెత్తటి నేల మీద బటన్ నొక్కాక మీరు కాలు కదపకండి, మీ బరువు అటూ ఇటూ మారినా ఫ్రేము మారుతుంది.

ఫోకసింగ్ రెయిల్ (కెమెరాను కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపే పట్టా) కొనమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడే వద్దు. చవక రెయిలు పెడితే ఊగడానికి ఇంకో అతుకు కలిపినట్టే. ముందు కాళ్లు, తర్వాత హెడ్, ఆ తర్వాతే అది.

ఇంత బరువు మోసుకుంటూ పొలాల వెంట తిరగడం ఎందుకు, ఫ్లాష్ పెట్టి చేత్తో తీసెయ్యొచ్చు కదా అనేవాళ్లున్నారు. తీయొచ్చు, ఫ్లాష్‌తో చక్కగా తీసేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. నా కోపం ఫ్రిజ్‌వాళ్ల మీద. పురుగును డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, చలికి బిగుసుకుపోయాక తెచ్చి ఆకు మీద కూర్చోబెట్టి, స్ప్రేతో నీళ్లు కొట్టి, “తెల్లవారుజామున దొరికిన అద్భుతం” అని పెట్టుకుంటారు. చూడగానే తెలిసిపోతుంది. అసలు మంచు రెక్క మీద, గడ్డి మీద, సాలెగూటి మీద అన్నిచోట్లా ఒకేలా సన్నగా కడుతుంది. స్ప్రే నీళ్లు పెద్ద పెద్ద చుక్కలుగా ఓ పక్కే ఉంటాయి. ఈ ఫొటోలకు పోటీల్లో బహుమతులు ఇస్తున్నారు. పురుగు ఎక్కడ దొరికింది, చుట్టుపక్కల ఎలా ఉంది అని చూపించే ఇంకో ఫొటో కూడా పంపాలని జడ్జీలు ఒక్క నియమం పెడితే సగం మోసం ఆగిపోతుంది. గట్టి ట్రైపాడ్ ఉన్నవాడికి ఫ్రిజ్ అవసరమే రాదు. నిద్రపోతున్న పురుగును సహజమైన వెలుతురులో, సెకను షట్టర్‌తో, దాన్ని ముట్టుకోకుండా తీసి, ఎండ రాగానే అది ఎగిరిపోవడం చూసి రావచ్చు. మీకు నేను గట్టి ట్రైపాడ్ కొనమని ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

మీ 15 వేలకి వస్తే: వాడిన 055 లాంటి కాళ్లు దొరికితే అవే తీసుకోండి. గేర్ హెడ్ కూడా పాతదే వెతకండి. మొత్తం బడ్జెట్ దాటితే ఈ ఏడాదికి కాళ్లు కొని, హెడ్‌కి మీ దగ్గర ఉన్నదేదో వాడి, వచ్చే చలికాలం లోపు హెడ్ మార్చుకోండి. పార్కుల్లో ట్రైపాడ్ కనబడగానే సెక్యూరిటీవాళ్లు ఈల వేస్తారు, పురావస్తు శాఖ కట్టడాల దగ్గరైతే అనుమతి లేకుండా పెట్టనివ్వరు. కాబట్టి ఏదైనా చెరువు గట్టో, పొలం గట్టో చూసుకోండి. మీ ఊరు, కెమెరా మోడల్ కామెంట్లో రాస్తే ప్లేటు (కెమెరా అడుగున బిగించి హెడ్ మీద పెట్టేది) ఏ రకం కావాలో కూడా చెబుతాను.