టెక్ సందేహాలు: బాయిలర్ ఆగిపోతే రీసెట్ నొక్కాలా, ఇంజనీరును పిలవాలా?

ఇంటినీ, కుళాయి నీళ్ళనూ వేడిచేసే గ్యాస్ బాయిలర్ గురించి వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టి చదివితే, దాదాపు అన్నిటిలోనూ ఒకే ఆత్రం కనిపించింది: ఆగిపోయిన బాయిలర్‌ను ఎలాగైనా మళ్ళీ వెలిగించాలి. చలిలో చిన్నపిల్లలతోనో, పెద్దవాళ్ళతోనో ఉన్నవారి ఆత్రాన్ని నేను తప్పుపట్టను. అయితే ఈ కాలపు బాయిలర్ చాలాసార్లు ఊరికే చెడిపోయి ఆగదు. నీటి పీడనమో, మంటో, పొగ బయటికి పోయే దారో సరిగా లేదని దానికి అనిపించినప్పుడు గ్యాస్‌ను తనంతట తానే కట్టేసుకుంటుంది. అది ఎందుకు అనుమానపడిందో బయటినుంచి గమనించడం వరకు ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పని. కవరు విప్పితే మొదలయ్యేది ఇంజనీరు పని. ఈ గీత ఏ సమస్యలో ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఈసారి శీర్షిక మొత్తాన్నీ బాయిలర్లకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా బాయిలర్ తెరమీద ఒక కోడ్ చూపించి ఆగిపోతోంది. ఇంటర్నెట్‌లో వెతికితే దానికి అర్థం 'ఇగ్నిషన్ ఫెయిల్యూర్' అని ఉంది. రీసెట్ నొక్కితే గంటసేపు పనిచేసి మళ్ళీ ఆగుతోంది. ఎలక్ట్రోడ్ కొని మేమే మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవద్దు. అది ప్రమాదమన్నది ఒక కారణమైతే, చెడింది ఎలక్ట్రోడే అని ఆ కోడ్ చెప్పడం లేదన్నది ఇంకో కారణం. కోడ్ అనేది బాయిలర్ ఏం గమనించిందో చెప్పే సంకేతం మాత్రమే. ఇగ్నిషన్ కోడ్‌కు అర్థం 'గ్యాస్ వదిలాను, నిప్పురవ్వ ఇచ్చాను, కానీ మంట కనపడలేదు' అని. వైలంట్ బాయిలర్లలో 'ఎఫ్28' అన్నా, బాక్సీ బాయిలర్లలో 'ఈ133' అన్నా, వూస్టర్ బాష్ బాయిలర్లలో 'ఈఏ' అన్నా సారాంశం దాదాపు ఇదే.

బాయిలర్ మంటను చూసే పద్ధతి తెలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మంటలో విద్యుదావేశం ఉన్న కణాలుంటాయి కాబట్టి దానిగుండా చాలా కొద్దిపాటి కరెంటు ప్రవహించగలదు. మంటలోకి చొచ్చుకుని ఉండే ఎలక్ట్రోడ్ ద్వారా సర్క్యూట్ బోర్డు ఈ కరెంటును కొలుస్తూ ఉంటుంది. దాని పరిమాణం కొద్ది మైక్రో ఆంపియర్లే. ఆ కొలత కొన్ని క్షణాల్లో అందకపోతే గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది, బాయిలర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది, కొన్ని ప్రయత్నాల తర్వాత లాకౌట్‌లోకి వెళ్ళిపోయి, మనిషి వచ్చి రీసెట్ నొక్కేదాకా కదలదు. ఎలక్ట్రోడ్ మీద మసి పట్టినా, గ్యాస్ వాల్వ్ తెరుచుకోకపోయినా, పొగగొట్టానికి ఏదైనా అడ్డుపడినా, అసలు ఇంటికే గ్యాస్ రాకపోయినా తెరమీద అదే కోడ్ వస్తుంది.

అందువల్ల మీరు చూడవలసినవి రెండే. వంటింట్లో గ్యాస్ స్టవ్ ఉంటే అది మామూలుగా వెలుగుతోందా? మీటరు దగ్గర గ్యాస్ వాల్వ్ తెరిచే ఉందా, ముందే డబ్బు కట్టి వాడే మీటరైతే అందులో సొమ్ము మిగిలి ఉందా? ఈ రెండూ సరిగానే ఉంటే ఒకసారి, మహా అయితే రెండోసారి రీసెట్ నొక్కండి. మీ బాయిలర్ గంటకోసారి ఆగుతోందని రాశారు కాబట్టి మీరు ఆ హద్దు దాటేశారు. రీసెట్ నొక్కిన ప్రతిసారీ లోపం అలాగే ఉండగా బాయిలర్ తీసుకున్న జాగ్రత్తను మనం రద్దు చేస్తున్నట్టే. దాన్ని ఆపి ఇంజనీరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: ప్రెషర్ గేజ్ ముల్లు ప్రతి వారం సున్నా దగ్గరికి పడిపోతోంది. ఫిల్లింగ్ లూప్ (కుళాయి నీటిని బాయిలర్‌లోకి పంపే గొట్టం) వాల్వులు తిప్పి నీళ్ళు నింపుకుంటున్నాం. ఇలా ఎంతకాలం నెట్టుకురావచ్చు?

జవాబు: ఏడాదికి ఒకటి రెండుసార్లు కొద్దిగా నింపితే కంగారు పడనక్కరలేదు. ప్రతి వారం నింపుతున్నారంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టే, ఆ 'ఎక్కడ'ను వెతకాలి. గదులను వేడిచేసే రేడియేటర్ల గుండా తిరిగే నీరు మూసిన వలయంలో ఉంటుంది. అది తనంతట తాను తగ్గదు. పైగా నింపిన ప్రతిసారీ కొత్త నీటితోపాటు ఆక్సిజన్ లోపలికి వెళ్ళి ఇనుప రేడియేటర్లను తుప్పు పట్టిస్తుంది.

చాలా బాయిలర్లలో చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. వేడెక్కాక కొంత పెరగడం సహజం. నింపడానికి బాయిలర్ చల్లారేదాకా ఆగి, లూప్ వాల్వులను మెల్లగా తెరిచి, ముల్లు చేరవలసిన చోటికి చేరగానే రెండువైపులా గట్టిగా మూసేయాలి. వాటిలో ఏదైనా సరిగా మూసుకోకపోతే బాయిలర్ చల్లగా ఉన్నా ముల్లు మెల్లమెల్లగా పైకి పాకుతూ ఉంటుంది.

ఇంజనీరును పిలిచే ముందు మీరు చేయగలిగిన ఒక మంచి పని ఉంది. పొద్దున బాయిలర్ వెలగక ముందు ముల్లు ఎక్కడుందో, గంటసేపు బాగా వేడెక్కాక ఎక్కడుందో మూడు రోజులు కాగితం మీద రాసుకోండి. చల్లగా 1.2, వేడిగా 1.6 ఉండి వారానికి మెల్లగా దిగుతోందంటే ఎక్కడో సన్నని లీకు ఉన్నట్టు; ప్రతి రేడియేటర్ వాల్వ్ కింద, పైపుల కీళ్ళ దగ్గర పొడి టిష్యూ కాగితంతో తుడిచి చూస్తే తడి, తుప్పు మరక, ఆకుపచ్చ పొక్కు ఎక్కడో ఒకచోట దొరకవచ్చు. చల్లగా 1.2 ఉన్నది వేడెక్కేసరికి 3 దగ్గరికి దూకి, చల్లారాక సున్నాకు పడిపోతోందంటే కథ వేరు. అప్పుడు ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ను అనుమానించాలి.

నీటిని 10 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడి చేస్తే దాని పరిమాణం సుమారు 2 శాతం పెరుగుతుంది. ఇంట్లోని రేడియేటర్లలో, పైపుల్లో కలిపి 100 లీటర్లుంటే, వేడెక్కేసరికి 2 లీటర్లకు పైగా నీటికి కొత్తగా చోటు కావాలి. నీరు నొక్కితే కుంచించుకుపోయేది కాదు గనుక, ఆ చోటు కోసమే బాయిలర్‌లో ఒక చిన్న డబ్బా పెట్టి, మధ్యలో రబ్బరు పొర అమర్చి, పొరకు అవతల గాలి నింపుతారు. ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటే అదే. ఆ గాలి తగ్గిపోయినా, పొర చిరిగినా పెరిగిన నీటికి చోటుండదు. పీడనం 3 బార్ దాటగానే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీటిని ఇంటి బయటికి వదిలేస్తుంది. బయటి గోడలోంచి కిందికి వంగి ఉండే సన్నని రాగి గొట్టం సాధారణంగా దానిదే. వాన లేని రోజున దాని కింద పొడి అట్టముక్క పెట్టి మర్నాడు చూడండి; గొట్టం మొన కింద తడి మచ్చ కనిపిస్తే నీళ్ళు పోతున్న దారి దొరికినట్టే. ఆ గొట్టం మొనను మూయాలన్న ఆలోచన మాత్రం కలలో కూడా రానివ్వకండి. వెసెల్‌లో గాలి నింపడం, వాల్వ్ మార్చడం ఇంజనీరు చేయవలసినవి.

ప్రశ్న: బాగా మంచు పడిన రాత్రి తర్వాత తెల్లవారేసరికి బాయిలర్ గుడగుడలాడుతూ ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ వచ్చాక దానంతట అదే పనిచేసింది. ఏమై ఉంటుంది?

జవాబు: కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉంటుంది. సహజవాయువు మండితే నీటి ఆవిరి పుడుతుంది, అదీ తక్కువేమీ కాదు: ఒక ఘనపు మీటరు వాయువుకు సుమారు ఒకటిన్నర కిలోల నీరు. పాత బాయిలర్లు ఆ ఆవిరిని పొగతోపాటే బయటికి పంపేసేవి. కండెన్సింగ్ బాయిలర్లు ఆ పొగను 55 డిగ్రీలకన్నా కిందికి చల్లబరిచి, ఆవిరిని నీరుగా మార్చి, అందులోని వేడిని కూడా వాడుకుంటాయి. అలా వచ్చిన నీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ పైపులో బయటికి పంపుతారు. ఆ పైపు బయటి గోడ మీదుగా సన్నగా, దూరంగా సాగితే చలికి నీరు లోపలే గడ్డకట్టి, వెనక్కి నిండుకుని, బాయిలర్‌ను ఆపేస్తుంది.

పైపు నేలమీద నిలబడి అందుకోగలిగే ఎత్తులో ఉంటే, గోరువెచ్చని నీళ్ళు దాని మీద మెల్లగా పోయండి, లేదా వేడినీళ్ళ సంచి దానికి ఆనించండి. మరుగుతున్న నీళ్ళు పోయకూడదు, పైపు పగిలిపోతుంది. కరిగాక ఒక్కసారి రీసెట్ నొక్కితే చాలు. పోసిన నీళ్ళు నేలమీద గడ్డకట్టి ఎవరూ జారిపడకుండా చూసుకోండి. నిచ్చెన ఎక్కవలసిన ఎత్తయితే ఆ పని మానేయండి. ప్రతి చలికాలమూ ఇలాగే జరుగుతుంటే లావు పైపు వేయించి, పైన తొడుగు వేయించాలి.

ప్రశ్న: స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించుకున్నాక కొన్ని పూటలు ఇల్లు వేడెక్కడం లేదు. బాయిలర్ పాడయిందా?

జవాబు: మీది కాంబీ బాయిలర్ (రేడియేటర్లకూ, కుళాయికీ ఒక్కటే నీళ్ళు వేడిచేసేది) అయితే వేడినీళ్ళ కుళాయి తిప్పి చూడండి. బాయిలర్ వెంటనే వెలిగి నీళ్ళు వేడిగా వచ్చాయంటే గ్యాస్, మంట, పొగదారి మూడూ చాలావరకు బాగున్నట్టే. లోపం థర్మోస్టాట్ బ్యాటరీలోనో, టైము షెడ్యూల్‌లోనో, బాయిలర్ దగ్గరి రిసీవర్‌తో సంబంధం తెగడంలోనో ఉండవచ్చు. కుళాయిలో నీళ్ళు వేడిగా వస్తూ, థర్మోస్టాట్ అడుగుతున్నా రేడియేటర్లు మాత్రం చల్లగానే ఉంటే వేడిని కుళాయికో, రేడియేటర్లకో మళ్ళించే డైవర్టర్ వాల్వ్ ఇరుక్కుని ఉండవచ్చు, అది ఇంజనీరు చూడవలసినది. ఒక్క రేడియేటర్ పైభాగమే చల్లగా ఉంటే అందులో గాలి చేరింది, రేడియేటర్ తాళంచెవితో గాలి తీసి ప్రెషర్ మళ్ళీ చూసుకోండి. అడుగుభాగం చల్లగా ఉంటే తుప్పు బురద పేరుకుంది.

ప్రశ్న: బాయిలర్ బాగానే వెలుగుతోంది కానీ మంట పసుపుగా కనిపిస్తోంది. సాయంత్రాలు ఇంట్లో ముగ్గురికీ తలనొప్పి. పల్స్ ఆక్సీమీటర్ పెడితే 98 చూపిస్తోంది. భయపడాలా?

జవాబు: ఈ ఉత్తరం రాసినవారికి అచ్చు దాకా ఆగకుండా విడిగా వెంటనే సమాధానం పంపాను. ఇలాంటి స్థితిలో ఉన్న మిగతావారి కోసం ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను: వెంటనే బాయిలర్ ఆపేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, అక్కడినుంచి గ్యాస్ అత్యవసర విభాగానికి ఫోన్ చేయండి, వైద్యుడికి చూపించుకోండి.

గ్యాస్‌కు తగినంత గాలి అందితే మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. గాలి చాలకపోతే పసుపుగా మారుతుంది, చుట్టూ మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకయితే వచ్చే ఘాటు వాసన సరఫరాదారులు కలిపిన పదార్థానిది. కార్బన్ మోనాక్సైడ్‌కు అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, ఆయాసం, నీరసం దాని లక్షణాలు. ఫ్లూ జ్వరంలా అనిపిస్తుంది కానీ ఒళ్ళు వేడెక్కదు. ఇంట్లో అందరికీ ఒకేసారి రావడం, బయటికి వెళితే తగ్గడం, తిరిగి రాగానే మొదలవడం ముఖ్యమైన గుర్తులు.

ఆక్సీమీటర్ చూపిన 98ని చూసి ధైర్యపడటం చాలా ప్రమాదకరం. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ రెండు రకాల కాంతితో రక్తం రంగును కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టినదానిగానే లెక్క వేస్తుంది. శరీరానికి ఆక్సిజన్ అందకపోయినా అంకె మాత్రం మామూలుగా కనిపిస్తుంది. అసలు సంగతి రక్తపరీక్షలోనే తెలుస్తుంది. బయటి గాలి పీలుస్తున్నకొద్దీ రక్తంలో దాని మోతాదు తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా వెళ్ళి, 'ఇంట్లో గ్యాస్ బాయిలర్ ఉంది, కార్బన్ మోనాక్సైడ్ అనుమానం' అని మీరే నోరు విప్పి చెప్పాలి.

ప్రతి గ్యాస్ బాయిలర్ ఉన్నచోటా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. దాన్ని తయారీదారు సూచించిన చోటే బిగించి, నెలకోసారి పరీక్ష మీట నొక్కి, మీద రాసిన గడువు తీరగానే మార్చేయండి. బ్యాటరీ కొత్తదైనా లోపలి సెన్సర్ ఆయుష్షు అయిపోతే అది ఏమీ పసిగట్టలేదు.

అలారం మోగకపోయినా గ్యాస్ వాసన వస్తే, ఏ స్విచ్‌నూ వేయకుండా, వేసి ఉన్నదాన్ని ఆర్పకుండా, కిటికీలు తెరిచి, మీటరు వాల్వ్ మూసి, బయటికి వెళ్ళాకే ఫోన్ చేయండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఆ నంబరు 0800 111 999.

ప్రశ్న: ఇంజనీరును పిలిచేటప్పుడు సరైన మనిషే వస్తున్నాడని ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో ఏం చెప్పాలి?

జవాబు: గ్యాస్ పనికి చాలా దేశాల్లో ప్రత్యేక అనుమతి ఉండాలి. బ్రిటన్‌లో 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ జాబితా గ్యాస్ సేఫ్ రిజిస్టర్ దగ్గర ఉంటోంది. అందులో నమోదైనవారి కార్డు మీద ఫొటో, లైసెన్సు నంబరు ఉంటాయి, వెనకవైపు వారు ఏయే పనులు చేయవచ్చో రాసి ఉంటుంది. ఆ వెనకవైపును తప్పకుండా చూడండి, ఎందుకంటే స్టవ్ పనికి అర్హత ఉన్నవారందరికీ బాయిలర్ అర్హత ఉండదు. అక్కడ అద్దె ఇళ్ళలో యజమాని తాను అమర్చిన గ్యాస్ పరికరాలను 12 నెలలకోసారి తనిఖీ చేయించి, ఆ పత్రాన్ని అద్దెకున్నవారికి ఇవ్వాలన్నది చట్టం. అద్దెకుండేవాళ్ళు ఇది అడగడానికి మొహమాటపడుతుంటారు, దయచేసి పడకండి.

ఫోన్‌లో బాయిలర్ కంపెనీ, మోడల్, తెరమీది కోడ్ అక్షరం పొల్లుపోకుండా, చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా ముల్లు చూపిన అంకెలు, ఆగింది వేడినీళ్ళు వాడుతున్నప్పుడా, రేడియేటర్లు నడుస్తున్నప్పుడా అన్నది, ఎన్నిసార్లు రీసెట్ నొక్కారన్నది చెప్పండి. చివరిది దాచకండి. వీలైతే కోడ్‌ను రీసెట్ నొక్కకముందే ఫొటో తీసుకోండి. కొన్ని బాయిలర్లలో నొక్కగానే అది తెరమీదినుంచి చెరిగిపోతుంది, ఇంజనీరు వచ్చేసరికి బాయిలర్ మామూలుగా వెలుగుతూ కనిపించవచ్చు.